హనుమక్క దున్నని రెండెకరాలు

మొదటి వాన పడగానే నల్లరాళ్లపల్లిలో జనం తల వంచుకుని నడుస్తారు.

వజ్రకరూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ అంతే. వాన మట్టిని కడుగుతుంది. కడిగిన మట్టిలోంచి రాళ్లు పైకి తేలతాయి. వాటిలో ఒకటి వజ్రమై మెరుస్తుందని ఆశ. పోయినసారి ఎవరికో దొరికిందని చెబుతారు. దొరికినవాడి పేరు మాత్రం ఎవరూ చెప్పలేరు. పామిడి నుంచి, బళ్లారి నుంచి మనుషులు మూటలతో బస్సు దిగుతారు. బడి వరండాలో పడుకుంటారు. తెల్లవారగానే చేలల్లో పరుచుకుని, అడుగు ముందు అడుగు వేస్తూ, నేలను చూసుకుంటూ పోతారు.

హనుమక్క కూడా అలాగే వంగి నడిచేది. ఆమె కళ్లు వెతికేది గడ్డిని.

గొర్రెలు కాచే ఇంట్లో పుట్టి, గొర్రెలు కాచే ఇంటికే కోడలిగా వచ్చింది. పుట్టిల్లు రాయదుర్గం పక్కన. పొడవాటి మనిషి. భుజం మీద ఎప్పుడూ దోటి ఉండేది, చివర కొడవలి కట్టిన వెదురుగడ. దానితో తుమ్మకొమ్మలు కోసి గొర్రెలకు వేసేది. గొంతు పెద్దది. గుట్టకు ఈ పక్కన నిలబడి కేక వేస్తే ఆ పక్కన మేసే గొర్రె తల ఎత్తేది. సంతోషానికీ కోపానికీ ఆమెకు ఒకటే గొంతు. ఏది వచ్చిందో తెలియాలంటే ముఖం చూడాలి.

రెండువేల మూడులో తొలకరి వాన లేదు. అంతకు ముందు ఏడూ అంతంత మాత్రమే. ఎండాకాలమంతా గొర్రెలు రాలిన తుమ్మకాయలు ఏరుకుని బతికాయి. చూడి గొర్రెలూ అవే తిన్నాయి. కడుపులో పిల్ల ఎదిగే రోజుల్లో తల్లి వెన్నెముక చేతికి గుచ్చుకునేది. తర్వాత ఈతలు మొదలయ్యాయి. పుట్టిన పిల్లలు పుట్టినచోటే పడుకున్నాయి. లేవబోయి ముందుకాళ్ల మీద కూలాయి. ఎలాగో లేచినవాటికి పొదుగులో పాలు లేవు. హనుమక్క పిల్ల నోట్లో వేలు పెట్టి చూసేది. నాలుక చల్లగా తగిలితే వేలు తీసేసి, కొంగుతో తుడుచుకుని, పక్కపిల్ల దగ్గరికి పోయేది.

చచ్చిన పిల్లలకు గుంతలు తవ్వేది ఆమె భర్త ఆదెప్ప. ఒకరోజు పారను మంద అవతలికి విసిరేశాడు.

“ఇంక నాతో కాదు,” అన్నాడు. “వచ్చే ఏడు గూడా ఇట్లే అయితే మందను సంతకు తోలేస్తా. మీ తమ్ముడు రాయదుర్గంలో జీన్సులు కుడతాండాడు గదా. మనమూ ఆడికే పోదాం. నీడ పట్టున కూసోని బతకొచ్చు.”

“కూసోనా? నేనా?” అంది హనుమక్క.

తమ్ముడు కుట్టే షెడ్డును ఆమె ఒకసారి చూసింది. పొద్దున కూర్చున్నవాళ్లు దీపాలు పెట్టేదాకా లేవలేదు. కిటికీలోంచి ఇంకో గోడ కనిపించింది. మిషన్ల చప్పుడులో ఆమె పిలుపు తమ్ముడికే వినిపించలేదు. ఒక్కపూట ఉండి, సాయంత్రం బస్సెక్కి వచ్చేసింది.

ఆదెప్ప మొండివాడు కాదు. అన్నమాట మీద నిలబడేవాడు. అదే ఆమె భయం.

ఆ ఏడు మందలో ఒక్క గొర్రె మాత్రం లక్షణమైన పిల్లను వేసింది. అది దొంగ.

పక్క చేను ఎర్రన్నది. భూమీ బోరూ ఉన్న మనిషి. బోరు కాలువ గట్టున తన ఎద్దుల కోసం గడ్డి పెంచుకునేవాడు. సాయంత్రం మంద ఇంటికి మళ్లేటప్పుడు ఈ గొర్రె వెనక జారుకునేది. కంప సందులో దూరి, గట్టు మీద గబగబా మేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి మందలో కలిసేది. ఎండాకాలం ముగిసేదాకా అదే పని.

“ఏమ్మా హనుమక్కా,” అని ఎర్రన్న దారిలో నిలబెట్టాడు. “నీ గొర్రె నా ఎద్దుల గడ్డంతా తింటాండాది. రేపట్నుంచి దాని మెడకు కాడి కడతా సూడు!”

“కట్టన్నా. మడక బాగా లాగితే ఇంకో రెండు గొర్రెలు పంపిస్తా,” అంది హనుమక్క.

తిట్లు తింటూనే ఆ గొర్రె ఈనింది. తల్లి నాకడం పూర్తికాకముందే పిల్ల లేచి నిలబడింది. పొదుగు కింద నేల పాలచుక్కలతో తడిసింది. హనుమక్క ఆ తడిని చాలాసేపు చూసింది. అదే మంద, అదే పొట్టేలు, అదే కరువు. తేడా ఆ గట్టు మీది గడ్డి. అది కూడా చూడి చివరి రోజుల్లో, పిల్ల కడుపులో ఉన్నట్టుండి పెరిగే రోజుల్లో తిన్న గడ్డి.

“దొంగముండా,” అంది గొర్రె తల నిమిరి. “ముందే సెప్పకూడదా?”

వాళ్లకు నాలుగెకరాలు ఉండేవి. గుట్ట వాలున ఉన్న రెండెకరాలు దున్నవద్దని ఆమె ఆదెప్పకు చెప్పింది. అందరూ వేరుశనగ వేసే నేల. ఆదెప్ప అరిచాడు. ఆమె అంతకంటే గట్టిగా అరిచింది. ఊరంతా విన్నది. చివరికి ఆదెప్ప కింది రెండెకరాలు దున్నుకున్నాడు. ఆమె సర్కారు తుమ్మ కంప కొట్టి, ఒక్కతే లాక్కొచ్చి, వాలు చుట్టూ దడి కట్టింది. అరచేతుల్లో ముళ్లు విరిగాయి. వాటిని సూదితో తీసుకుంటూ కూడా ఆమె హుషారుగానే ఉంది.

పొట్టేలుకు పొట్ట కింద గుడ్డ కట్టింది. దాని ఇష్టం వచ్చినప్పుడు గొర్రెలు చూలు కట్టకుండా, మాఘమాసం వచ్చేదాకా అలాగే ఉంచింది. పచ్చిక వచ్చాక ఈతలు రావాలని లెక్క. బస్టాండు దగ్గర టీ కొట్టు నడిపే తిప్పేష్‌కు ఆ గుడ్డ పండగైపోయింది.

“అక్కా, మీ పొట్టేలుకు లంగోటి కట్టినావంట. కుస్తీకి పంపిస్తావా?”

“నీ మాదిరి పని పాట లేకుండా తిరుగుతాంటే కట్టినా. నీకూ ఒకటి కుట్టించేదా?”

కొట్టులో కూర్చున్నవాళ్లు టీ ఒలకబోసుకున్నారు.

వానాకాలం చివర కాస్త వాన పడింది. దడి లోపల గడ్డి లేచింది. కంకి వేసింది, గింజ రాల్చింది, ఎండింది. ఆమె ఒక్క గొర్రెను కూడా లోపలికి పోనివ్వలేదు. వేసవిలో ఆదెప్పకు ఓపిక పోయింది.

“కండ్ల ముందర గడ్డి పెట్టుకోని తుమ్మకాయలకు తిప్పుతాండావే! ఎవురి కోసం దాస్తాండావు?”

“పుట్టబోయేవాటి కోసం.”

మృగశిర కార్తెలో మంచి వాన పడింది. ఎండిన గడ్డి మొదళ్ల నుంచి పచ్చటి చిగుళ్లు వచ్చాయి. ఆమె రోజూ పోయి చేత్తో కొలిచింది. వేలెడు. ఇంకొన్నాళ్లకు రెండు వేళ్లు. ఒకరోజు దడి దగ్గర నుంచే ఇంటిదాకా వినిపించేలా కేక వేసింది.

“మామా! బెత్తెడు లేసింది! రా, సూడు!”

ఆదెప్ప వచ్చి చూశాడు. ఆ చుట్టుపక్కల నేలంతా ఎర్రగా ఉంది. దడి లోపల మాత్రం పచ్చగా ఉంది. గాలికి కదులుతోంది. చెప్పులు బయట విడిచి లోపలికి అడుగుపెట్టాడు.

హనుమక్క చూడి గొర్రెలను వేరు చేసింది. పొదుగులు తడిమి, పక్కలు నొక్కి చూసి, ఒక్కొక్కదాన్నీ ఇవతలికి లాగింది. మిగతా మంద ఆదెప్ప వెంట గుట్టకు పోయేది. ఆకలి మీద ఉన్న గొర్రెను పచ్చిక మీద వదిలితే కడుపు ఉబ్బుతుంది. అందుకే ముందు ఎండుమేత వేసేది. గడ్డి మీది తడి ఆరాక లోపలికి వదిలేది. మొదటి రోజుల్లో కాసేపే మేపి బయటికి పిలిచేది. తర్వాత కొంచెం ఎక్కువ సేపు. బీడును కంపతో అడ్డంగా రెండు భాగాలు చేసింది. కింది సగం ముందు, పై సగం చివరి రోజులకు.

గొర్రెల మెడలు నిండాయి. వెన్నెముక చేతికి గుచ్చుకోవడం మానింది. ఆమె రోజూ తడిమి చూసేది. తడిమినప్పుడల్లా నవ్వు వచ్చేది.

ఒక పని మాత్రం ఆమె ఎవరికీ వదల్లేదు. ఎర్రన్న తన చేలో జొన్న వేసేవాడు. పిట్టలు రాల్చిన జొన్నగింజలు బీట్లో పడేవి. వాన తగలగానే అవి మొలిచేవి. లేత జొన్నమొలక గొర్రెకు విషం. గడ్డిలో గడ్డిలాగే కనిపిస్తుంది. అందుకని రోజూ తెల్లవారగానే ఆమె ఒక్కతే లోపలికి పోయి, వంగి, ఆ మూల నుంచి ఈ మూలకు నడిచి, మొలకలను వేర్లతో సహా పీకి ఒడిలో వేసుకునేది. ఏ గొర్రెకూ దొరకకుండా వాటిని పాడుబడిన బావిలో పారేసేది. తర్వాతే గొర్రెలు లోపలికి.

ఒక ఉదయం మొదటి బస్సుకు పాలు తెస్తూ తిప్పేష్ ఆమెను చూశాడు. వంగింది. ఏదో ఏరింది. ఒడిలో వేసుకుంది. మళ్లీ వంగింది. అతన్ని చూడగానే నడుము పట్టుకుని లేచి నిలబడింది.

“ఏమక్కా, ఏం ఏరుతాండావు?”

“జొన్నమొలకలు.”

తిప్పేష్ తల ఊపాడు. ఒక్క ముక్క నమ్మలేదు.

ఆ రోజు టీ కొట్టులో అంతా తేలిపోయింది. మంచి నేలను దున్నకుండా ఎందుకు వదిలింది? దడి ఎందుకు కట్టింది? వేసవిలో గొర్రెలు మాడుతుంటే గడ్డి మీద కాలు కూడా ఎందుకు పెట్టనివ్వలేదు? తెల్లవారకముందే పోయి ఏం ఏరుతోంది?

“జొన్నమొలకల కోసరం ఎవురన్నా నడుము ఇరగ్గొట్టుకుంటారాప్పా?” అన్నాడు తిప్పేష్. ఇంకెవరికీ అనుమానం మిగల్లేదు.

ఆ మాట ఆదెప్ప చెవిన కూడా పడింది. ఇంటికి వచ్చి, తలుపు బయటికి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“మే, నాకన్నా సెప్పు. యాడ పెట్టినావు?”

“ఏమి?”

“రాయి.”

“బాయిలో ఏసినా. పోయి దూకు,” అంది హనుమక్క.

ఆదెప్ప నిజంగానే బావి దగ్గరికి పోయాడు. వంగి చూశాడు. వాడిపోయిన మొలకలు ఉన్నాయి. అయినా చాలాసేపు చూశాడు.

మళ్లీ వాన పడిన తెల్లవారి, దడి బయట జనం నిలబడి ఉన్నారు. ఊరివాళ్లు కొందరు, బస్సులు దిగినవాళ్లు ఎక్కువ. ముందు వరసలో పామిడి నుంచి ఏటా వచ్చే సుంకమ్మ ఉంది. నెరిసిన జుట్టు, మెడకు వేలాడే సంచి. రాళ్లను చూడటంలో ఆమెను మించినవాళ్లు లేరని పేరు. ఇద్దరు మగవాళ్లు అప్పటికే కంప లాగుతున్నారు. ఈతలు పది పదిహేను రోజుల్లోకి వచ్చాయి. పై సగంలో గడ్డి మోకాలెత్తు ఉంది. ఈ జనం దిగి తొక్కితే సాయంత్రానికి అక్కడ బురద తప్ప ఏమీ ఉండదు.

హనుమక్క దోటి అడ్డం పెట్టింది.

“కంప ఇడ్సండి! ఎవురప్పా మీరు? నా బీట్లో మీకేం పని?”

“మాకు తెలుసులే అక్కా,” అన్నాడు తిప్పేష్ వెనక నుంచి. “అందరికీ బువ్వ పెట్టే భూమాత. నువ్వొక్కదానివే తింటే ఎట్ల?”

ఆమె ఒడి విప్పి కింద కుమ్మరించింది. జొన్నమొలకలు.

“పైన మొలకలు, కింద రాయి,” అన్నారెవరో. అందరూ నవ్వారు. మొలకలను కాలితో కెలికి చూశారు.

హనుమక్క ఇంకోసారి అరవబోయి ఆగింది. వాళ్ల కళ్ల వైపు చూసింది. అందరి కళ్లూ ఆమె కాళ్ల దగ్గర గడ్డిలో వెతుకుతున్నాయి. వెతుకుతున్నాయి గాని వాటికేమీ కనబడటం లేదు.

“సరే, రాండి,” అంది. “ఈ గడ్డిలో ఏం సూస్తారు? మోకాలెత్తు ఉండాది. కింద రాయి ఉంటే మాత్రం మీ కంటికి ఆనుతుందా? తొక్కితే బురదలో ఇంకా కిందికి పోతుంది. నా గొర్రెలు మేస్తాండాయి. మేసినాక నేల తేటగా అవుతుంది. అప్పుడు దిగండి. కింది సగం అయిపోయింది, ఇప్పుడే సూసుకోండి పోండి. పై సగంలో మాత్రం గొర్రెలు ఈనేదాకా ఎవురూ కాలు పెట్టగూడదు.”

జనం సుంకమ్మ వైపు చూశారు. సుంకమ్మ దడి మీదికి వంగి, గడ్డిని చేత్తో పక్కకు తోసి, కింద చూసింది.

“సెల్లి సెప్పింది నిజమే,” అంది. “గడ్డిలో రాయి సూసినోళ్లు యాడా ల్యారు. మేయనీండి.”

ఆ రోజు నుంచి హనుమక్క బీడుకు ఊరంతా కాపలా. కింది సగంలో వెతికినంత వెతికి, మిగతా సమయమంతా జనం దడి చుట్టూ కూర్చున్నారు. ఎవరి మేకనూ దగ్గరికి రానివ్వలేదు. ఎర్రన్న ఎద్దులను అరమైలు తరిమారు. ఎర్రన్న గట్టు మీద నడుస్తుంటే “యాడికప్పా?” అని అడ్డం నిలబడ్డారు. సొంత చేనికి పోవడానికి ఆయన కారణం చెప్పుకోవలసి వచ్చింది.

“అక్కా, ఆ నల్లదాన్ని కొంచెం అదిలించు. ఊరికే నిలబడుకుంది,” అనేవాడు తిప్పేష్.

“నెమరేస్తాంది. నువ్వు టీ తాగినట్ల ఒకేసారి మింగేదానికి అది తిప్పేషా?”

“ఇంకో పది గొర్రెలను తోలరాదా? తొందరగా అవుతుంది.”

“కడుపు లేని గొర్రెకు ఈడ పుల్ల గూడా ల్యా.”

నేలను చూసేవాళ్లందరూ ఇప్పుడు గొర్రెల నోళ్లను చూస్తున్నారు. ఎవరి కంటికైనా ఒక గొర్రె మేత తగ్గించినట్టు అనిపిస్తే వెంటనే హనుమక్కకు కబురు. ఇంత మంది కాపరులను ఆమె జన్మలో చూడలేదు. ఆమెకు ఒళ్లంతా ఉత్సాహంగా ఉండేది. ఉదయం దడి దగ్గరికి నడిచి రావడం మానేసింది, పరుగెత్తి వచ్చేది.

ఆదెప్పకు మాత్రం నిద్ర పట్టడం లేదు. రాయి లేదని పెళ్లాం చెప్పింది. రాయి ఉందని లోకం చెబుతోంది. గడ్డి ఎంత తొందరగా అయిపోతే అంత తొందరగా ఏదో ఒక సంగతి తేలుతుంది.

ఒక రాత్రి వాన కురిసింది. తెల్లవారేసరికి హనుమక్క దోటి తీసుకుని గుట్టకు పోయింది, తుమ్మకొమ్మలు కోసుకుని పొద్దెక్కేలోగా వచ్చేద్దామని. ఆదెప్ప చూడి గొర్రెలను లేపాడు. గడ్డి తడి ఆరలేదు. మొలకలు పీకలేదు. పై సగం కంప తీసి అన్నింటినీ లోపలికి వదిలాడు.

గుట్ట మీద నుంచి హనుమక్క బీడును చూసింది. పచ్చటి గడ్డిలో గొర్రెల వీపులు. ఉండకూడని వేళకు ఉన్నాయి.

దోటి అక్కడే పడేసింది.

“మొలకలూ! మామా, మొలకలూ!”

ఆ గొంతు గుట్ట దిగి దడి దాకా వచ్చింది. కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఆదెప్పకు అప్పుడు అర్థమైంది. కర్ర ఎత్తి గొర్రెల మీదికి పరుగు తీశాడు.

“తరమొద్దు!” అని ఆమె దిగుతూనే అరిచింది. “నిండు సూలువి! తొక్కులాటలో కడుపులు పోతాయి! తరమొద్దు!”

ఆదెప్ప కర్ర ఎత్తినచోటే ఆగిపోయాడు. తరమకూడదు. మేయనివ్వకూడదు. రాత్రి వానకు ఎర్రన్న చేను వైపు మూలంతా కొత్త మొలకలు లేచి ఉన్నాయి. గొర్రెలు మేసుకుంటూ అటే పోతున్నాయి.

హనుమక్క దడి దగ్గరికి వచ్చేసరికి ఆమెకు ఊపిరి అందడం లేదు. జనం వైపు తిరిగింది.

“అందరూ దిగండి! లోపలికి రాండి! గొర్రెల ముందర పోయి మొలకలు పీకండి!”

ఎవరూ కదల్లేదు. కాలు పెట్టవద్దని ఇన్నాళ్లూ ఆమే చెప్పింది.

“గడ్డి పోతే పోనీ! దిగండి!”

మొదట సుంకమ్మ దిగింది. గొర్రెలకు ఎదురుగా పోయి మోకాళ్ల మీద కూర్చుంది. గడ్డిని వేళ్లతో విడదీసింది. మొలక పీకింది. పక్కనే ఇంకోటి. “ఇదేనా? ఈ ఎడల్పాకుదేనా?” అని ఒకటి పైకెత్తి చూపింది. “అదే! అదే!” అంది హనుమక్క. అప్పుడు అందరూ దూకారు.

ఆ కళ్లు గవ్వంత రాళ్లలో గింజంత మెరుపును వెతికే కళ్లు. పచ్చలో పచ్చ వాటికి కష్టం కాలేదు. వరసగా మోకాళ్ల మీద జరుగుతూ, “ఈడ ఒకటి, ఈడ రెండు, ఓ యమ్మా, ఈడ గుంపే ఉండాది” అని కేకలు వేసుకుంటూ పీకారు. బళ్లారివాళ్లు కన్నడంలో అరిచారు. తిప్పేష్ ప్యాంటు మోకాళ్ల దాకా బురద. చొక్కా జేబులో మొలకలు కుక్కుకుంటున్నాడు. గొర్రెలు తల ఎత్తి తమ ముందు పాకుతున్న మనుషులను చూశాయి. కొన్ని మేయడం మరిచాయి. ఆ సందులో హనుమక్క నాలుక చప్పుడు చేస్తూ, పేరు పేరునా పిలుస్తూ, నెమ్మదిగా వాటిని దడి బయటికి నడిపించింది.

అన్నీ వచ్చాయి. దొంగది రాలేదు.

అది అందరికంటే ముందు ఎర్రన్న చేను వైపు పోయింది. పాత అలవాటు. మూలలో నిలబడి వణుకుతోంది. డొక్కలు ఎగిసెగిసి పడుతున్నాయి. హనుమక్క చేయి వేయగానే ముందుకాళ్ల మీద కూలింది.

“బెల్లం! బెల్లం నీళ్లు!”

తిప్పేష్ అప్పటికే పరుగు అందుకున్నాడు. కొట్టులో ఉన్న బెల్లం అచ్చు చంకలో పెట్టుకుని వచ్చాడు. మొలక విషానికి విరుగుడని చెంబులో కరిగించి, సీసాతో కొంచెం కొంచెంగా గొర్రె నోట్లో పోశారు. చుట్టూ జనం. ఆదెప్ప దూరంగా కర్ర కింద పెట్టి కూర్చున్నాడు. హనుమక్క అతని వైపు చూడలేదు. తిట్టలేదు కూడా. అతనికి తిట్లు తినాలని ఉంది.

ఎండ పైకి వచ్చాక గొర్రె తల ఎత్తింది. ఇంకాసేపటికి లేచింది. జనం ఊపిరి వదిలారు. హనుమక్క దాని డొక్క మీద అరచేయి ఆనించి కళ్లు మూసుకుంది. లోపల కదలిక కోసం చూసింది. సాయంత్రం దాకా మళ్లీ మళ్లీ చేయి పెట్టింది. ఏమీ తెలియలేదు.

“ఉండాదా?” అని ఆదెప్ప అడిగాడు.

“తెలీదు మామా.”

మరునాడు ఉదయం ఎవరూ చేలల్లోకి పోలేదు. మొన్నటి రాత్రి వానకు రాళ్లు తేలి ఉంటాయి. అయినా అందరూ దడి దగ్గరే ఉన్నారు. దొంగది గొంతు మార్చి అరిచింది. నేలను కాలితో గీరింది. ఒకసారి పడుకుంది, లేచింది, మళ్లీ పడుకుంది. ముందు రెండు గిట్టలు కనిపించాయి. గిట్టల మీద ముక్కు. తర్వాత పిల్ల మొత్తం ఒక్కసారిగా గడ్డిలోకి జారింది.

అది కదల్లేదు.

హనుమక్క దాని ముక్కు తుడిచింది. గడ్డిపోచ తీసుకుని ముక్కులో పెట్టి తిప్పింది. పిల్ల తుమ్మింది. ఆమె దాని నోట్లో వేలు పెట్టింది. నాలుక వెచ్చగా ఉంది. వెచ్చగా ఉండటమే కాదు, వేలిని పట్టి లాగింది.

“సీకుతాంది!” అని ఆమె కేక వేసింది. “మామా! నా వేలు సీకుతాంది!”

పిల్ల ముందుకాళ్లు మడిచి, వెనక భాగం ఎత్తి, ఊగింది. పడింది. దడి మీద నుంచి “లెయ్! లెయ్!” అని కేకలు. మళ్లీ ఎత్తింది. నాలుగు కాళ్లు నాలుగు దిక్కులకు పెట్టుకుని నిలబడింది. తల్లి దాని వీపు నాకుతుంటే ఆ తోపుకు ముందుకు జరిగి, తడుముకుంటూ పొదుగు దగ్గరికి పోయింది. తోక ఊగింది. సుంకమ్మ చప్పట్లు కొట్టింది. తిప్పేష్ ఈల వేసి, తన ఈలకు పిల్ల బెదురుతుందేమోనని చేత్తో నోరు మూసుకున్నాడు.

ఆదెప్ప దడి దాటి వచ్చి పెళ్లాం పక్కన కూర్చున్నాడు.

“రాయదుర్గం బస్సు ఎప్పుడు మామా?” అంది హనుమక్క పిల్ల మీది నుంచి చూపు తిప్పకుండా.

“ఏ బస్సు?” అన్నాడు ఆదెప్ప.

ఆ వారంలో ఈతలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పిల్లలు లేచి నిలబడ్డాయి. ఒకటి రెండు పోయాయి, ఏ మందలోనైనా పోయేవే. ఆదెప్ప పారతో వాన నీళ్లకు కాలువ తీశాడు. గడ్డి అయిపోయాక మాట ప్రకారం హనుమక్క కంప తీసింది. జనం వరసగా లోపలికి వచ్చి, తల వంచుకుని, ఆ మూల నుంచి ఈ మూలకు నడిచారు. గొర్రె పెంటికలు, తెల్లరాళ్లు, ఎవరిదో తెగిన చెప్పు. సుంకమ్మ ఒక రాయిని ఎండకు పట్టి చూసి పారేసింది.

“వచ్చే ఏడు గూడా ఈ బీడు దున్నరు గదా సెల్లే?” అని అడిగింది బస్సెక్కేముందు.

“ఏమవ్వా, మళ్లీ వస్తావా?”

“రాయికి కాదులే. ఆ దొంగది మళ్లీ ఏమి ఏస్తుందో సూడల్ల.”

విత్తనం అదను వచ్చింది. ఆదెప్ప ఎద్దులను మడకకు కట్టాడు. కింది రెండెకరాలు దున్నుకుంటూ వాలు అంచు దాకా వచ్చాడు. పైన దడి కట్టని బీడు, కంప పక్కన కుప్పగా ఉంది. ఎద్దులు ముందుకే అడుగు వేశాయి. ఆదెప్ప పగ్గం లాగి వాటిని వెనక్కి మళ్లించాడు. బీట్లో పిల్లలు ఒకదాన్ని ఒకటి తరుముకుంటూ, కారణం లేకుండా నేల మీద నుంచి ఎగురుతున్నాయి. వాటి మధ్య హనుమక్క వంగి నడుస్తోంది, ఏదో ఏరి ఒడిలో వేసుకుంటూ.